నేను చూడని దుబాయ్

జూన్ 2, సోమవారం. ఆదోని

ఇవాళ ఒకామె నా గొంతు గుర్తుపట్టింది.

నేను పనిచేసే నెట్ సెంటర్‌లో ప్రింటర్ మొరాయిస్తే ఓనరు తిరుపాల్ అన్న నన్నే అంటాడు. నేనూ ఊరుకోను. ఇద్దరం అరుచుకుంటున్నాం. బల్ల అవతల కూర్చున్న ఆమె తలెత్తి, "అక్కా, ఫోన్‌లో దుబాయ్ సంగతులు సెప్పేది నువ్వేనా?" అంది. ఆమె అడిగేది నా వీడియోల సంగతి. ఆరు నెలలుగా వంటింటి తలుపేసుకుని, కుక్కర్ దించేసి, పక్కింటి మిక్సీ ఆగేదాకా కాచుకుని చెప్పుకుంటున్న మాటలు. ఛానల్ పేరు 'రూపక్క ట్రిప్పులు'. ఒక్క దుబాయ్ మీదే పద్నాలుగు వీడియోలు, తక్కువ ఖర్చుతో ఎలా తిరగాలి, ఎలా తినాలి, ఎక్కడ పడుకోవాలి అని. ముఖం చూపించను. ఫోటోలు కదులుతుంటాయి, వాటి మీద నా మాట. మా ఆయన జయరాం ఒక్కటీ చివరిదాకా వినలేదు. పగలంతా జిన్నింగ్ మిల్లు మోత వినీ వినీ, ఇంటికొచ్చాక ఇంకో చప్పుడు వినలేడట. నా గొంతు ఆయనకు చప్పుడు.

ఆమె పేరు సునీత. ఆస్పరి దగ్గర పల్లె. మొగుడు రామాంజి దుబాయ్‌లో కట్టడాల పనికి పోయాడు. పదిరోజుల కింద పైనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేయాలన్నారు. పక్కన మనిషి లేడు. కూడా పనిచేసేవాళ్లు తలా కొంత వేసి సునీతకు వీసా తీశారు, తిరుపాల్ అన్న టికెట్ చేస్తున్నాడు. ఆ పిల్ల ఇంతవరకు రైలు కూడా ఎక్కలేదు.

"నువ్వు పోయొచ్చింటివి గదక్కా. నాకు రవ్వంత ధైర్యం సెప్పు" అంది.

"ఆ, పోయొచ్చినా" అన్నాను.

తిరుపాల్ అన్న నా వైపు ఒకసారి చూసి మళ్లీ ప్రింటర్‌లోకి వంగాడు. ఏమైనా అంటే మర్యాదగా ఉండేది కాదు.

నాకు పాస్‌పోర్ట్ లేదు, నిజమే. ఆ సంగతి ఆమెకెందుకు? ఆ ఊరి గురించి నేను చదివినంత అక్కడ ఇరవై ఏళ్లు ఉన్నవాడు కూడా చదివి ఉండడు. ఏ స్టేషన్ తర్వాత ఏ స్టేషనో కళ్లు మూసుకుని చెప్తాను. పోవడం అంటే ఇంతకంటే ఏముంది?

జూన్ 4, బుధవారం

సునీతకు రెండు పేజీలు రాసిచ్చాను. తర్వాత వీడియోకు పనికొస్తుందని ఇక్కడా ఎక్కిస్తున్నాను.

సిమ్ విమానం దిగిన చోట కొనొద్దు, ఊర్లోకి పోయాక చిన్న అంగట్లో కొను. డబ్బు కూడా అక్కడ మార్చొద్దు, రేటు తక్కువిస్తారు. టాక్సీవాళ్లు పిలిస్తే పలకొద్దు. మెట్రోకి పో, వెండి రంగు కార్డు అడుగు, ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంటుంది, గులాబి గీత ఉన్నచోట నిలబడు. నీళ్లు కొనొద్దు. మసీదుల బయట చల్లటి నీళ్ల కొళాయిలుంటాయి, ఎవరూ వద్దనరు, ఒక సీసా సంచిలో ఉంటే చాలు. దేరా అనే పేట నుంచి సముద్రపు పాయ అవతలి ఒడ్డుకు పడవలో దాటితే ఒక్క దిర్హం, అదే రోడ్డు మీద పోతే చుట్టు తిరుగుడు. గది తీసుకోవద్దు, బెడ్ స్పేస్ అని అడుగు. ఒక గదిలో నలుగురైదుగురు ఆడవాళ్లుంటారు, మంచానికి ఇంత అని ఇస్తారు. టీ కావాలంటే పెద్ద హోటల్ గడప తొక్కొద్దు, మలయాళీ వాళ్ల చిన్న కొట్లు చూసుకో.

ఆమెతో అత్త ఎల్లమ్మ కూడా వచ్చింది. యాభై ఏళ్లు దాటిన మనిషి, ఎండకు మాడి కట్టెలా ఉంది. నాకు కొంగులో మూటకట్టి శనక్కాయలు తెచ్చింది. గడప దగ్గరే కూర్చుని, "ఆడ ఎండ ఎట్లుంటాది పాపా?" అని అడిగింది.

"మన ఆస్పరి కంటే ఎక్కువ పెద్దమ్మా."

"అంతకంటే ఎక్కువ యాడుంటాదిలే" అని నవ్వింది. "నీ మాట ఇన్నాక నాకు నిమ్మళమయింది. ఒగరు పోయి సూసొచ్చినోళ్లు సెప్తే ఆ ధైర్యమే ఏరు."

సునీత అడిగింది, "మా అత్త ఏమేమో కడతాందక్కా. జొన్నరొట్టెలు, కారం పొడి, ఇంగా ఏమేమో. తీసకపోనిస్తారా?"

"నూనె కారేవి వద్దు, నీళ్లవి వద్దు. పొడిగా ఉండేవి ఏవైనా తీసకపో. ఆడ ఒక పూట తినే డబ్బుతో ఈడ వారం తినొచ్చు" అన్నాను.

ఈ మాట బాగుంది. వీడియోలో మొదటే పెట్టాలి.

జూన్ 6, శుక్రవారం

సునీత బెంగుళూరు రైలెక్కింది. రేపు పొద్దున విమానం. స్టేషన్ నుంచి ఫోన్ చేసి, "గులాబి గీత గదక్కా?" అని ఇంకోసారి అడిగింది.

జూన్ 7, శనివారం

బక్రీద్. సెంటర్ మూశారు. పక్కవీధి షమీమ్ వాళ్లు బిర్యానీ పంపించారు. ఈ పాటికి సునీత దుబాయ్‌లో దిగి ఉంటుంది.

జూన్ 8, ఆదివారం

సునీత ఫోన్ చేయలేదు. చేయదు, నాకు తెలుసు. సిమ్ దిగిన చోట కొనొద్దని నేనే కదా చెప్పాను. పండగకి అంగళ్లు మూసి ఉంటాయి. నా మాట అక్షరాలా పాటిస్తోంది పిచ్చిపిల్ల.

జూన్ 9, సోమవారం

తిరుపాల్ అన్న ఇంకా షట్టర్ ఎత్తలేదు. ఎల్లమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. మొదటి బస్సుకు వచ్చిందట. కాళ్లకు చెప్పుల్లేవు.

"పాపా, సునీతను ఆడ పట్టుకున్యారంట" అంది.

రామాంజితో ఒకే గదిలో ఉండే కాశప్పది మన పక్కనే చిప్పగిరి. అతను ఊరికి ఫోన్ చేసి చెప్పాడు. విమానాశ్రయంలో సునీత సంచి విప్పించారు. అందులో గసగసాల పొట్లం ఉంది. ఆ దేశంలో గసగసాలు మత్తుమందు లెక్క. ఆమెను పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టారు, అక్కడి నుంచి ఇంకెక్కడికో తీసుకుపోయారు. కేసు అంటున్నారు. రామాంజికి ఇంకా చెప్పలేదు. బుధవారం ఆపరేషన్.

"నేనే పెట్టినా పాపా. నొప్పికి వానికి నిద్ర పట్టల్యాదని కాశప్ప సెప్పిండె. సిన్నప్పుడు వాడు నిద్రపోకుంటే గసాలు నూరి పాలల్లో తాపిచ్చేదాన్ని, సక్కగా పండుకునేటోడు. సేరెడు గూడా లెవ్వు, సిన్న పొట్లం. సునీతకు గూడా సెప్పల్యా, రొట్టెల నడుమ పెట్టినా. ఆడికి పోయినాక సూసుకుంటాదిలే అనుకుంటి." చెప్పడం ఆపి నా చెయ్యి పట్టుకుంది. "అంగట్లో జీలకర పక్కన అమ్మేది మత్తుమందా పాపా? నువ్వు సెప్పు. నువ్వు ఆ ఊరు సూసినదానివి."

"నాకూ తెలీదు పెద్దమ్మా" అన్నాను.

"నీకే తెలీకుంటే నాకేం తెల్సు" అంది.

జూన్ 10, మంగళవారం

నాకు తెలియదు. తెలిస్తే చెప్పనా? పొడిగా ఉండేవి అన్నాను, అంటే కారం పొడి, పప్పుల పొడి అని. అత్త గసగసాలు పెడుతుందని నేను కలగన్నానా? నన్నడిగి పెట్టిందా? సునీతకైనా చెప్పిందా?

ఆరో వీడియో కింద ఎవరో అడిగారు, అక్కా ఇంట్లో మసాలాలు తీసుకెళ్లొచ్చా అని. హాయిగా తీసుకెళ్లండి అని నేను జవాబిచ్చి ఉన్నాను. మార్చిలో. అది మామూలు మాట. ఎవరైనా అదే చెప్తారు.

జయరాం అన్నం తింటూ, "ఏమి, అట్లుండావు?" అన్నాడు. తలనొప్పి అన్నాను.

నాకు తెలియదు.

జూన్ 11, బుధవారం

ఆపరేషన్ ఇవాళ. వీడియోలు తీసేయలేదు. తీస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టు.

జూన్ 12, గురువారం

ఆపరేషన్ అయిందట. సునీత లేకుండానే. సంతకాలు కంపెనీవాళ్లు పెట్టారు.

అక్కడి మన ఎంబసీవాళ్లకు అర్జీ పంపాలని తిరుపాల్ అన్న అన్నాడు. సెంటర్‌లో ఇంగ్లీషు తిన్నగా రాసేది నేనొక్కదాన్నే. ఎల్లమ్మను పక్కన కూర్చోబెట్టుకుని టైపు చేశాను. నిరుపేద కూలి కుటుంబం, కొడుకు ఆసుపత్రిలో, కోడలికి ఏ పాపమూ తెలియదు, అన్నీ రాశాను. తర్వాత ఈ వాక్యం: 'చదువురాని అత్తగారు ఎల్లమ్మ అజ్ఞానంతో, కోడలికి చెప్పకుండా, ఆ పొట్లాన్ని సంచిలో ఉంచింది. ఈ తప్పు పూర్తిగా ఆమెదే.'

తెలుగులో చదివి వినిపించాను. ఎల్లమ్మ తల ఊపింది. "అవును, అట్లే రాయి. నాదే తప్పు. నన్ను పట్టకపోమని గూడా రాయి" అంది.

వేలిముద్ర వేయించాను. సిరా ఎక్కువై పక్కన మరక పడితే కాగితం మార్చి ఇంకోసారి వేయించాను.

పోయేటప్పుడు నా తల నిమిరింది. "నీ కడుపు సల్లగుండ. మాకెవరుండారు నువ్వు గాకుంటే."

ఆ వాక్యంలో అబద్ధం ఏముంది? పెట్టింది ఆమే. చెప్పకుండా పెట్టింది ఆమే. నేను మళ్లీ మళ్లీ చదివాను, ఒక్క అక్షరం తప్పు లేదు.

జూన్ 14, శనివారం. ఎమ్మిగనూరు

అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఆదోనిలో ఉంటే ప్రతి బస్సులోంచీ ఎల్లమ్మ దిగుతున్నట్టుంది. మా అమ్మ భీమమ్మ వీధి గదిలో మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూనే, "ఏమి, మొగునితో కొట్లాడినావా?" అంది. లేదన్నాను. "అయితే ఒంట్లో బాగలేదు" అని తనే తీర్పు చెప్పుకుంది.

ఎదురింటామె వచ్చి కూర్చుంది. "మీ రూప దుబాయ్ పోయొచ్చిందంట గదా, మాకు సెప్పనే లేదే" అంది.

అమ్మ రాట్నం ఆపింది. "ఎప్పుడు పోయినావే?" అని నన్నే అడిగింది.

"ఊరికే అట్ల సెప్తారులే మా" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. రాట్నం మళ్లీ తిప్పింది.

వీడియోలకు రాసుకున్న నోట్‌బుక్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

జూన్ 15, ఆదివారం. ఎమ్మిగనూరు

నోట్‌బుక్ నా సంచిలోనే ఉంది. ఆదోని నుంచి మోసుకొచ్చింది నేనే.

అమ్మ కోడికూరకు రోట్లో గసగసాలు, కొబ్బరి నూరుతోంది. తెల్లటి ముద్ద. నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి ఆదివారం చూస్తున్నదే. ఇవాళ అక్కడ నిలబడలేకపోయాను. నోట్‌బుక్ తీసుకుని పెరట్లోకి పోయాను.

చదివాను. ఫిబ్రవరిలోనే చదివాను. ఇంగ్లీషు పేజీ, చివర 'తీసుకుపోకూడనివి' అని వరస. కొన్ని దగ్గుమందులు, కొన్ని నిద్రమాత్రలు, పాపీ సీడ్స్. అవేమిటో తెలియక అర్థం వెతికాను. గసగసాలు. నవ్వొచ్చింది నాకు. గసగసాలు మోసుకుని దుబాయ్ ఎవరు పోతారు అనుకున్నాను. నోట్‌బుక్‌లో రాసుకున్నాను, రికార్డు కూడా చేశాను. వీడియో తొమ్మిది నిమిషాలు దాటింది. ఏది తీసేయాలా అని చూశాను. పడవ సంగతి తీయబుద్ధి కాలేదు. 'ఆ పడవలో నిలబడితే ముఖానికి గాలి కొడుతుంది చూడండి, నేను ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు తిరిగాను' అని నేను చెప్పిన చోటు అది. ఎంత బాగా చెప్పానో. ఆ గాలి ఉంచుకున్నాను. ఇది తీసేశాను. అది వద్దు ఇది వద్దు అని చెప్తుంటే జనం భయపడి మధ్యలో వెళ్లిపోతారు, ఆ లెక్క నాకు ఫోన్‌లో కనపడుతూనే ఉంటుంది.

నోట్‌బుక్‌లో ఆ మాట మీద పెన్సిల్ గీత ఉంది. అడ్డంగా, ఒక్కటే గీత.

సునీత నా ఎదురుగా కూర్చుని అడిగినప్పుడైనా గుర్తు రాలేదా? వచ్చింది. ఎక్కడో చివర కదిలింది. అది కూడా వద్దని చెప్తే, ఎందుకక్కా అంటుంది, నువ్వు పోయినప్పుడు ఏమైంది అంటుంది. పోయినదాని మాదిరి ఠకీమని చెప్పడమే బాగుంటుందనిపించింది. అంతే. ఒక్క క్షణం.

నాకు తెలియదు, నాకు తెలియదు అని ఈ పుస్తకంలోనే ఎన్నిసార్లు రాసుకున్నాను. దీన్ని నేను తప్ప ఇంకెవరు చదువుతారు? ఎవరిని మోసం చేద్దామని? సిగ్గు లేదు నాకు.

జూన్ 17, మంగళవారం. ఆదోని

సునీతను వదిలేశారు.

కాశప్ప ఫోన్ నుంచి ఆమే మాట్లాడింది. గొంతు ఆ పిల్లది కాదు, ఎండిపోయి ఉంది. "అక్కా, నేను. నువ్వు రాసిన కాగితం సూపిచ్చినారంట. అత్త తెలీక పెట్టింది, ఈ పిల్లది ఏమీ లేదని నువ్వు రాసినావంట గదా. ఇడిసిపెట్టినారు. ఇప్పుడు ఆసుపత్రిలో ఆయప్ప దగ్గరే ఉండా."

రామాంజి ఎట్లున్నాడని అడిగాను.

"బాగుండాడు. లేసి కూర్సోనీకి ఇంగా టైము పడతాదంట. మత్తు ఇచ్చే ముందర నన్నడిగినాడంట అక్కా. సునీత యాడ, సునీత వస్తాననె గదా అని. ఎవరూ ఏం సెప్పల్యాదు. నేను రానేలేదనుకున్యాడు. పది దినాలు. గోడ తట్టు సూస్తా కూర్సుంటి. ఆ ముసల్దానికి నేను ఏం సేసినా?"

"సునీతా, అట్లనొద్దు."

"నువ్వు ఆయమ్మ తరపున మాట్లాడొద్దక్కా. ఫోన్ సేసిండె, నేను తీసుకోల్యా. ఆయప్ప గూడా మాట్లాడనన్యాడు. ఊరికి వచ్చినాక మేము ఏరే కుంపటి పెట్టుకుంటాం. ఆయమ్మ మొగం నాకొద్దు." ఆ తర్వాత, "నీ పున్యం అక్కా. నువ్వు సేసింది సచ్చేదాకా మర్సిపోను" అంది.

"ఉండనీలే" అన్నాను. నా నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే. తర్వాత చాలాసేపు ఆ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చెప్పడానికి అంత చోటు ఇచ్చింది ఆ పిల్ల, నేను నోరు మూసుకుని పుణ్యం తీసుకున్నాను.

జూన్ 18, బుధవారం

పద్నాలుగు వీడియోలూ తీసేశాను. జయరాం అన్నం తినే లోపల అయిపోయింది. తీసేస్తే మనసు బరువు తగ్గుతుందనుకున్నాను.

జూన్ 19, గురువారం

ఎల్లమ్మ పక్కింటామె మారెమ్మ పింఛను పని మీద సెంటర్‌కు వచ్చింది. తిరుపాల్ అన్న అడిగితే చెప్పింది. "ఎల్లమ్మా? యాడ బాగుండాది. తిండి మానేసింది. కోడలు ఇడుదలయిందని తెలిసిన దినం ఒగ ముద్ద తినె, కొడుకు మాట్లాడనన్యాడని తెల్సినాక అదీ లేదు. ఇత్తనాలేసే పనికి పిలిస్తే రాల్యాదు. పిల్లోళ్లు గసాలెల్లమ్మా అని పిలుస్తాండారు. ఏమీ అనదు. సంగటి నేను పెట్టొస్తా, తెల్లారి అట్లే ఉంటాది."

తిరుపాల్ అన్న ఆమె వేలిముద్రకు మెషీన్ సరిచేస్తూ, నన్ను చూడకుండా అన్నాడు. "రూపా, నీకు రేపు లీవ్ కావల్నా?"

ఎంత తెలుసో ఆయనకు. మొదటి రోజే తెలుసు, నేను ఎక్కడికీ పోలేదని. ఆయనా నోరు మూసుకున్నాడు, టికెట్ ఆయన సెంటర్‌లోనే కదా.

"కావల్ల అన్నా" అన్నాను.

జూన్ 20, శుక్రవారం

మొదటినుంచీ రాస్తాను. ఏదీ వదలకుండా.

ఆస్పరిలో దిగి, ఆటోలో పల్లెకు పోయేసరికి పదకొండయింది. వానలు పడ్డాయి కాబట్టి ఊరంతా చేన్ల మీదే ఉంది. ఎల్లమ్మ ఇంటి ముందు కట్ట మీద గోడకానుకుని కూర్చుని ఉంది. వారం కిందటి మనిషి కాదు. జాకెట్ భుజాల మీద నిలవడం లేదు. నన్ను చూసి లేవబోయింది.

"వచ్చినావా పాపా. ఎండన పడి వచ్చినావు. ఉండు, టీ పెడతా."

వద్దని కూర్చోబెట్టాను. లోపల పొయ్యి పక్కన గిన్నె మీద పళ్లెం మూసి ఉంది. మారెమ్మ పెట్టిపోయిన సంగటి అది.

"పెద్దమ్మా, తప్పు నీది కాదు. నాది. గసాలు తీసకపోగూడదని నేను ముందే సదివినా. సునీతకు సెప్పల్యా" అన్నాను. బస్సులో దారంతా ఈ మాటే అనుకుంటూ వచ్చాను.

ఎల్లమ్మ నా చెయ్యి తట్టింది. "నన్ను ఓదార్సనీకి అంత దూరం నుంచి వచ్చినావు. నీ మనసు మంచిది."

"అపద్దం కాదు. సూడు, ఈడ రాసిపెట్టుకున్యా, మళ్ల కొట్టేసినా." నోట్‌బుక్ తెరిచి చూపించాను.

ఆమె కాగితం చూసింది, నన్ను చూసింది. "నాకేం తెల్సు పాపా ఏం రాసిండాదో. ఆ ఊరు తిరిగిన దానివి, నీకు తెల్సింటే సెప్పకుండా ఉంటావా? ఏదో నా ఏడుపు సూల్యాక అంటాండావు."

ఇక్కడ లేచి వచ్చేసి ఉండొచ్చు. చెప్పాల్సింది చెప్పాను, ఆమె నమ్మలేదు, నా తప్పేముంది అనుకోవచ్చు. ఆ మాట నాకు తట్టింది. దాన్ని కూడా దాచుకోను.

"నేను ఆ ఊరు పోలేదు పెద్దమ్మా. ఎప్పుడూ పోలేదు. గుంతకల్లు దాటింది లేదు. నాకు పాస్‌పోర్టే లేదు."

ఎల్లమ్మ నా చేతి మీద ఉన్న తన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పోకుండానే పోయినానంటివి."

"ఆ."

"తీసకపోగూడదని సదివి, పొడివి ఏవైనా తీసకపోమంటివి."

"ఆ."

"అంతా తెల్సి, ఆ కాగితంలో తప్పు నాదని రాసి, నాతో ఏలిముద్ర ఏపిచ్చినావు. మరకయిందని రెండోసారి గూడా ఏపిచ్చినావు."

దానికి ఆ అనలేకపోయాను. తల ఊపాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. గొంతు పెంచలేదు. "సునీతకు సెప్పినావా?" అంది.

"లేదు."

"సెయ్యి ఫోను. నా ముందర సెప్పు."

కాశప్ప ఎత్తాడు. సునీతకిచ్చాడు. నాకు ఏడుపొస్తే సగంలో ఆగిపోతానని గబగబా చెప్పేశాను, మీ అత్త ఇంటి నుంచే చేస్తున్నా, నేను ఆ ఊరు చూడలేదు, గసగసాల సంగతి నాకు ముందే తెలుసు, నీకు చెప్పలేదు, అర్జీలో మీ అత్త మీదికి తోశాను అని. అవతల ఆసుపత్రి చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఎవరో ఏదో భాషలో పేరు పెట్టి పిలుస్తున్నారు. సునీత నన్ను అక్కా అని కూడా అనలేదు.

"మా అత్తకియ్యి" అంది.

ఎల్లమ్మ ఫోన్ రెండు చేతులతో తీసుకుంది. చెవికి పెట్టుకుని లేచింది. గోడ పట్టుకోలేదు. లోపలికి పోతూ నాతో, "నువ్వు బయటికి పో" అంది.

వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. పొమ్మన్నది కదా, పోవచ్చు. కానీ నా ఫోన్ లోపల ఉంది. నెత్తిన ఎండ, పైన కప్పుకోవడానికి కొంగు తప్ప ఏమీ లేదు. ఆమె మాటలు బయటికి వినిపిస్తున్నాయి, వినకూడదని చెవులు మూసుకునేంత మర్యాద నాకెక్కడిది?

"లేదు మా. ఏడల్యా. నువ్వేడొద్దు." చాలాసేపు వింది. "వాడా? ఇయ్యి, ఇయ్యి. ఏం నాయనా. నొప్పుండాదా? ఆ. ఆ. సరే, మాట్లాడొద్దులే, నీకు ఆయాసమొస్తాది, సునీతకియ్యి." మళ్లీ విని, "తిన్లే" అంది. "ఎప్పుడా? ఏమో, గ్యాపకం లేదు. ఉండాదిలే, మారెమ్మ సంగటి పెట్టిపోయింది. ఆ, నిన్నటిదే. ఏం కాదు. సరే, తింటా. తింటా అంటినే. నువ్వు మటుకు పెట్టేయొద్దు, నేను తింటా ఉంటా, నువ్వు మాట్లాడతా ఉండు."

లోపల పళ్లెం తీసిన చప్పుడయింది.

ఆమె బయటికి వచ్చేసరికి నా నీడ కాళ్ల కిందికి వచ్చేసింది. ఫోన్ నా చేతికిచ్చింది. నా ముఖం చూడలేదు.

"రెండున్నరకు బస్సుండాది" అని తలుపు దగ్గరికి వేసుకుంది.

ఫోన్ వేడిగా ఉంది. అద్దం మీద సంగటి అంటుకుని ఉంది, ఇంకా తడిగా.